ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్న పెద్దనాన్నకు పీఎస్‌ఏ మళ్లీ పెరిగింది. నా పీహెచ్‌డీ కూడా ఆ జబ్బు మీదే. ఆయనకు తెలుగులో ఎలా చెప్పాలి?

శేషాచలం_నీడ | ఆదివారం, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. తిరుపతిలో పీహెచ్‌డీ నాలుగో సంవత్సరంలో ఉన్నాను. ప్రోస్టేట్ క్యాన్సర్‌కు హార్మోన్ చికిత్స మొదట్లో అంత బాగా పనిచేసి, కొన్నాళ్లకు ఎందుకు పనిచేయకుండా పోతుందన్నది నా అంశం.

మా పెద్దనాన్నకు 71 ఏళ్లు. ఐరాల దగ్గర పల్లె. రెండేళ్ల కిందట నడుం నొప్పి అంటే వయసు నొప్పి అనుకున్నాం. నూనె రాశాం, కాపడం పెట్టాం. చివరికి రక్తపరీక్ష చేయిస్తే పీఎస్‌ఏ (ప్రోస్టేట్ గ్రంథి నుంచి రక్తంలోకి వచ్చే ప్రోటీన్, జబ్బు పెరిగితే పెరుగుతుంది) వందలు దాటి ఉంది. స్కాన్‌లో వెన్నెముకలోనూ తుంటి ఎముకలోనూ మచ్చలు కనబడ్డాయి. బయాప్సీ (గడ్డలోంచి చిన్న ముక్క తీసి చూడటం) అయ్యాక హార్మోన్ చికిత్సగా వృషణాలు తీసేసే ఆపరేషన్ చేశారు. నాలుగైదు నెలల్లో పీఎస్‌ఏ ఒకటి కిందికి దిగింది. ఆయన మళ్లీ మామిడితోటకు వెళ్లాడు, చెట్లకు నీళ్లు కట్టాడు. ఇరవై నెలలు బాగున్నాడు. ఇప్పుడు వరుసగా మూడు పరీక్షల్లో పెరుగుతోంది: 2, 5, 11.

మొన్న ఇంటికి వెళ్తే ఆసుపత్రి చీటీ నా చేతిలో పెట్టాడు. అందులో హార్మోన్ చికిత్స 'ఫెయిల్యూర్' అని రాసి ఉంది. ఆయనకు ఇంగ్లీషు అంతగా రాదు. కానీ ఆ మాట మాత్రం చదవగలడు, పదో తరగతి మార్కుల జాబితాలో చూసిన మాట అది. "ఏం తప్పు చేసినానమ్మా? గంగమ్మ జాతరకు వచ్చినప్పుడు మాంసం తిన్నాను, దాని వల్లనా? పథ్యం తప్పినానా?" అని అడిగాడు. పెద్దమ్మ కూడా అదే నమ్ముతోంది. రోజూ రాత్రి ఆయన తిన్నవన్నీ లెక్కపెడుతోందట.

ఆ ప్రశ్నకు జవాబు నాకు తెలుసు. రోజుకు పది గంటలు ఇదే జబ్బు కణాలతో గడుపుతాను. కానీ ఒక్క తెలుగు వాక్యం కూడా నోటికి రాలేదు. "అట్లా ఏం లేదు పెద్దనాన్నా" అని మాత్రం అన్నాను. ఆయన నమ్మలేదు.

వచ్చే ఆదివారం మళ్లీ వెళ్తున్నాను. మాటలు వెతకడానికి సాయం చేయండి.


పాకాల_తోట | ఆదివారం, రాత్రి 10:41

చెల్లీ, ముందు పెద్దాయన పక్కన కాసేపు కూర్చో. మాటలు తర్వాత వస్తాయి.

మందు మొదట పారి, తర్వాత పారకపోవడం మా రైతులకు తెలిసిన సంగతే. టమోటాలో కాయ తొలిచే పురుగుకు కొత్త మందు కొడితే మొదటి పంటలో ఒక్కటీ మిగలదు. మూడో పంటకు అదే మందు నీళ్లు చల్లినట్టే ఉంటుంది. రైతు తప్పేం ఉండదు, చెట్టు తప్పేం ఉండదు. పెద్దనాన్న జబ్బూ ఇంతేనా?


మాస్టారు_చిత్తూరు | సోమవారం, ఉదయం 6:05

జువాలజీ లెక్చరర్‌గా చేసి రిటైరయ్యాను. పాకాల తమ్ముడు చెప్పింది చాలావరకు సరైనదే. అయితే పురుగు మందును చూసి నేర్చుకోదు. మందు కొట్టకముందే వేలల్లో ఒకటో రెండో దానికి చావనివి ఉంటాయి. మిగతావి చచ్చాక పొలమంతా వాటిదే. 1943లో లూరియా, డెల్‌బ్రూక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు బ్యాక్టీరియాతో దీన్ని లెక్కగట్టి చూపించారు. వైరస్‌కు తట్టుకునే బ్యాక్టీరియా, వైరస్ తగలకముందే గుంపులో పుట్టి ఉంది. నేను ముప్ఫై ఏళ్లు పాఠం చెప్పినా, పిల్లలు పరీక్షలో "మందుకు అలవాటు పడింది" అనే రాసేవాళ్లు. ఆ వాక్యం కొట్టేసి మార్కు తగ్గించేవాణ్ని.

అమ్మా, నువ్వు పెద్దనాన్నకు ఈ ఒక్కటి చెప్పు: ఇప్పుడు పెరుగుతున్న కణాల్లో కొన్ని, ఆయన మాంసం తినక ముందే, అసలు ఆపరేషన్‌కు ముందే లోపల ఉండి ఉండవచ్చు.


శేషాచలం_నీడ | సోమవారం, రాత్రి 9:20

మాస్టారూ, మీరు చెప్పిన చివరి వాక్యం నోట్‌బుక్‌లో రాసుకున్నాను. అన్నా, మీ టమోటా కూడా వాడుకుంటాను. కానీ మా జబ్బులో సగం కథ పురుగులాగా ఉండదు. ల్యాబ్‌లో కళ్లారా చూసింది చెప్తాను.

ప్రోస్టేట్ కణాలకు మగ హార్మోన్, అంటే టెస్టోస్టిరాన్ కావాలి. అది లేకుండా చేస్తే క్యాన్సర్ ముడుచుకుంటుందని 1941లో చార్లెస్ హగ్గిన్స్, క్లారెన్స్ హాడ్జెస్ చూపించారు. హగ్గిన్స్‌కు 1966లో నోబెల్ వచ్చింది. పెద్దనాన్నకు చేసిన ఆపరేషన్ వెనక ఉన్నది ఆ ఆలోచనే. ఎనభై ఏళ్లు దాటినా మొదటి చికిత్సకు పునాది అదే.

నేను పెంచే కణాల పేరు ఎల్‌ఎన్‌క్యాప్. 1977లో యాభై ఏళ్ల రోగి మెడ దగ్గరి లింఫ్ గ్రంథి నుంచి తీసినవి. ఇవి గిన్నె అడుగుకు గట్టిగా అంటుకోవు. ద్రవం మార్చేటప్పుడు చెయ్యి కొంచెం విసురుగా కదిలితే పొరంతా లేచి కొట్టుకుపోతుంది. వాటికి ఆహారంగా పోసే సీరంలోంచి బొగ్గుపొడితో హార్మోన్లు తీసేసి, ఆ సీరంతో పెంచుతాం. పెద్దనాన్న ఒంట్లో ఆపరేషన్ చేసిన పని, గిన్నెలో బొగ్గు చేస్తుంది.

అప్పుడు చాలా కణాలు చావవు. పెరగడం ఆపేస్తాయి, అంతే. కొన్ని నరాల కణాల్లాగా సన్నటి తోకలు సాచుతాయి. మొదటిసారి చూసినప్పుడు వేరే కణాలు కలిసిపోయాయేమో అనుకున్నాను. కొన్ని నెలల తర్వాత అదే గిన్నెలో, హార్మోన్ లేకుండానే, మళ్లీ పెరుగుదల మొదలవుతుంది.

అది ఎలా సాధ్యమన్నదే నా పీహెచ్‌డీ. వృషణాలు తీసేస్తే టెస్టోస్టిరాన్ 90 శాతానికి పైగా పడిపోతుంది. కానీ కిడ్నీల మీదుండే అడ్రినల్ గ్రంథులు కొద్దిగా ముడిసరుకు ఇస్తూనే ఉంటాయి. క్యాన్సర్ గడ్డ దాన్ని తీసుకుని తన లోపలే హార్మోన్ తయారుచేసుకోవడం మొదలుపెడుతుంది.


పాకాల_తోట | సోమవారం, రాత్రి 9:38

అంటే చెరువు ఎండిపోయిందని పొలంలోనే బోరు వేసుకున్నట్టు.


శేషాచలం_నీడ | సోమవారం, రాత్రి 9:44

అన్నా, నేను వారం రోజులుగా వెతుకుతున్న మాట అదే! ఐరాలలో బోరు గురించి ఎవరికీ విడమర్చి చెప్పనక్కర్లేదు. 2011లో అమెరికాలో అనుమతి వచ్చిన అబిరటెరోన్ అనే మాత్ర ఆ బోరును మూసే మందు. హార్మోన్ తయారీలో సీవైపీ17 అనే ఎంజైమును అడ్డుకుంటుంది, అడ్రినల్‌లోనూ గడ్డలోనూ.


కాట్పాడి_ప్యాసింజర్ | సోమవారం, రాత్రి 11:02

మా నాన్నకు ఇదే జబ్బు. అప్పట్లో అలిపిరి దగ్గర క్యాన్సర్ ఆసుపత్రి రాలేదు, అది 2022లో మొదలైంది. మేం రెండేళ్లు రైలెక్కి రాయవేలూరు పక్కకు తిరిగాం.

ఇన్నేళ్లుగా నన్ను పీకుతున్న విషయం ఒకటుంది. నాన్నకు హార్మోన్ తగ్గించే ఇంజెక్షన్‌తో పాటు బైకాలుటమైడ్ మాత్ర ఇచ్చారు. ఏడాదిన్నరకు పీఎస్‌ఏ పెరిగింది. డాక్టర్ ఆ మాత్ర ఆపేయమన్నారు. జబ్బు పెరుగుతుంటే మందు ఆపడమేంటని నేను గొడవపడ్డాను. డబ్బులేని వాళ్లమని వదిలేస్తున్నారు అని కూడా అన్నాను. ఆరు వారాలకు పీఎస్‌ఏ తగ్గింది. మందు ఆపితే జబ్బు ఎలా తగ్గింది? ఎవరూ చెప్పలేదు. నేనూ మళ్లీ అడగలేదు.


శేషాచలం_నీడ | మంగళవారం, ఉదయం 7:15

అన్నా, డాక్టర్ చేసింది సరైన పని. మీ నాన్నగారి ఒంట్లో జరిగింది ఈ రంగంలో ఎంతో నేర్పిన సంగతి.

కణంలో హార్మోన్‌ను అందుకునే ప్రోటీన్ ఒకటుంది, ఆండ్రోజెన్ రిసెప్టర్ అంటాం. పాకాల అన్న బోరునే పొడిగిస్తాను. ఇది మోటారు స్టార్టర్ అనుకోండి. హార్మోన్ వచ్చి నొక్కితే మోటారు తిరుగుతుంది, కణం పెరుగుతుంది. బైకాలుటమైడ్, దానికి ముందొచ్చిన ఫ్లూటమైడ్ ఆ బటన్ మీద చెయ్యి అడ్డం పెట్టే మందులు. కొన్నాళ్లకు బటన్ ఆకారంలో చిన్న మార్పు వస్తుంది. ప్రోటీన్‌లో ఒక్క అమైనో ఆమ్లం మారితే చాలు. అప్పుడు అడ్డం పెట్టిన చెయ్యే దాన్ని నొక్కడం మొదలవుతుంది. అంటే ఆపాల్సిన మందే కణానికి తిండి అవుతుంది. ఆ మందు తీసేస్తే కొందరిలో జబ్బు తగ్గుతుంది. ఫ్లూటమైడ్ ఆపితే పీఎస్‌ఏ తగ్గడాన్ని 1993లో వైద్యులు వివరంగా రాశారు. అలాంటి మార్పు ఒకటి ఎల్‌ఎన్‌క్యాప్ కణాల్లో 1990లోనే దొరికింది. నేను రోజూ పెంచే ఆ యాభై ఏళ్ల మనిషి కణాల్లోనే.

గొడవపడ్డానని బాధపడకండి. మీకు ఎవరైనా ఐదు నిమిషాలు చెప్పి ఉంటే గొడవే ఉండేది కాదు.


కాట్పాడి_ప్యాసింజర్ | మంగళవారం, ఉదయం 7:50

ఇది నాలుగుసార్లు చదివాను. నాన్న లేరిప్పుడు. అమ్మకు చదివి వినిపిస్తాను. ఆ డాక్టర్ గారి గురించి మా ఇంట్లో ఇప్పటికీ చెడ్డగానే మాట్లాడుకుంటున్నాం.


జీనోమ్_తమ్ముడు | మంగళవారం, మధ్యాహ్నం 1:30

నేనూ పీహెచ్‌డీలోనే ఉన్నాను, కంప్యూటర్ మీద జన్యు సమాచారం విశ్లేషిస్తాను. మాస్టారితో ఒక్క చోట విభేదిస్తున్నాను సార్.

ముందే ఉన్న మొండి కణాలు మిగలడం ఒక దారి. కానీ కణం తన జన్యువుల అక్షరం మార్చుకోకుండా, ఏవి చదవాలి ఏవి మూసేయాలి అన్నది మార్చుకుని బతకడం ఇంకో దారి. అక్క చూసిన ఆ తోకలు దానికి గుర్తు. కొందరు రోగుల్లో జబ్బు పూర్తిగా వేషం మారుస్తుంది. ప్రోస్టేట్ కణం లక్షణాలు వదిలేసి న్యూరోఎండోక్రైన్ (నరాల కణాల లక్షణాలున్న) రకంగా మారుతుంది. దానికి హార్మోన్ అక్కర్లేదు, రిసెప్టర్ అక్కర్లేదు. టీపీ53, ఆర్‌బీ1 అనే రెండు కాపలా జన్యువులు పోయిన గడ్డల్లో ఈ మార్పు తేలిక అని 2017లో ఎలుకల మీద, కణాల మీద చేసిన పరిశోధనలు చూపించాయి.

ఇందులో మన దేశం పని కూడా ఉంది. ఐఐటీ కాన్పూర్‌లో బుష్రా అతీఖ్ గారి బృందం 2020లో ప్రచురించింది: ఆండ్రోజెన్ రిసెప్టర్ మామూలుగా స్పింక్1 అనే జన్యువును అణచి ఉంచుతుంది. హార్మోన్ చికిత్సతో రిసెప్టర్‌ను అణిచేస్తే ఆ పట్టు సడలి స్పింక్1 పెరుగుతుంది, కణం వేషం మార్చుకునే గుణానికి అది ఊతమిస్తుంది. ఆమెకు అదే ఏడాది శాంతి స్వరూప్ భట్నాగర్ బహుమతి వచ్చింది.

కాబట్టి మీ పిల్లలు రాసిన "అలవాటు పడింది" అన్న మాట ఈ జబ్బు వరకు పూర్తి తప్పు కాదు సార్.


మాస్టారు_చిత్తూరు | మంగళవారం, సాయంత్రం 5:10

బాబూ, చదివాను. పురుగు విషయంలో నా మాట నిలబడుతుంది. క్యాన్సర్ కణం విషయంలో నీ మాట ఒప్పుకుంటున్నాను. ఒంట్లోని ప్రతి కణం దగ్గరా మొత్తం జన్యువుల పుస్తకం ఉంది కదా. చర్మం కణం దగ్గరా ఉంది, నరం కణం దగ్గరా ఉంది. కష్టకాలంలో అది వేరే పేజీ తెరవగలదన్న మాట. పురుగుకు ఆ వెసులుబాటు అంతగా లేదు. రెండు దారులూ ఒకే రోగిలో ఉండగలవా?


శేషాచలం_నీడ | మంగళవారం, రాత్రి 9:05

ఉండగలవు మాస్టారూ. ఒకే మనిషిలో వెన్నెముకలోని గడ్డ ఒక దారిలో, కాలేయంలోనిది ఇంకో దారిలో పోవచ్చు. ఈ పనిలో కష్టమంతా అక్కడే. ఒక్కచోట ముక్క తీసి మొత్తం జబ్బు ఇదే అనలేం.

ఇంకా రెండు దారులు చెప్పకపోతే కథ సగమే. ఒకటి, స్టార్టర్ల సంఖ్య పెంచుకోవడం. 1995లో ఫిన్లాండ్ పరిశోధకులు చికిత్స తర్వాత తిరగబెట్టిన 23 గడ్డల్లో 7 చోట్ల ఆండ్రోజెన్ రిసెప్టర్ జన్యువు నకళ్లు పెరిగిపోయి ఉండటం చూశారు. ఆ రోగుల చికిత్సకు ముందటి ముక్కల్లో అది లేదు. హార్మోన్ కొంచెమే ఉన్నా అన్ని స్టార్టర్లలో ఏదో ఒకటి నొక్కుకుంటుంది.

రెండోది ఏఆర్-వీ7. ఇది రిసెప్టర్ తాలూకు పొట్టి రూపం. హార్మోన్ వచ్చి కూర్చునే భాగమే ఉండదు, అయినా ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుంది.


పాకాల_తోట | మంగళవారం, రాత్రి 9:12

ఆటో స్టార్టర్. కరెంటు వస్తే చాలు, మనిషి పోయి నొక్కే పనిలేదు. మా ఊర్లో ప్రతి బోరుకూ ఉండాది.


శేషాచలం_నీడ | మంగళవారం, రాత్రి 9:25

అచ్చంగా అదే అన్నా. ఎంజలుటమైడ్ 2012లో వచ్చింది, బటన్ మీద ఇంకా గట్టిగా చెయ్యి అడ్డం పెట్టే మందు. బటనే లేని స్టార్టర్‌ను అది ఏం చేయగలదు? 2014లో 62 మంది రోగుల రక్తంలో తిరిగే క్యాన్సర్ కణాలను పరీక్షించారు. ఏఆర్-వీ7 కనబడినవాళ్లలో ఒక్కరికీ ఎంజలుటమైడ్‌తో గానీ అబిరటెరోన్‌తో గానీ పీఎస్‌ఏ సగానికి తగ్గలేదు. చిన్న అధ్యయనమే, కానీ ఆ పేపర్ చదివే నేను ఈ అంశం ఎంచుకున్నాను. అలాంటివాళ్లకు డోసెటాక్సెల్ కీమో పనిచేయగలదని మరుసటి సంవత్సరం తేలింది. ఒక దారి మూసుకుపోతే అన్నీ మూసుకుపోయినట్టు కాదు. పెద్దనాన్నకు ఇది తప్పకుండా చెప్పాలి.


ఆంకాలజీ_డ్యూటీ | బుధవారం, ఉదయం 6:40

తిరుపతిలో క్యాన్సర్ విభాగంలో జూనియర్ డాక్టర్‌ని. రాత్రి డ్యూటీ దిగి ఇదంతా చదివాను. ముందుగా, ఆ 'ఫెయిల్యూర్' మాట. మేం రోజూ రాస్తాం. పేషెంటు చదువుతాడని ఆలోచించలేదు. ఇకమీదట నేను రాసే చీటీల్లో 'చికిత్స మార్చాల్సిన దశ' అని తెలుగులోనే రాస్తాను.

ఇక పని విషయాలు. ఆపరేషన్ అయినా టెస్టోస్టిరాన్ ఒకసారి పరీక్ష చేయించండి. డెసిలీటరుకు 50 నానోగ్రాముల లోపు ఉండి, పీఎస్‌ఏ పెరుగుతుంటేనే ఈ దశ అని ఖాయం చేస్తాం. కొత్తగా స్కాన్లు కావాలి. పీఎస్‌ఏ ఒక్కదాన్నే నమ్ముకోకండి. పైన తమ్ముడు చెప్పిన వేషం మారిన రకంలో పీఎస్‌ఏ పెద్దగా పెరగకుండానే జబ్బు కాలేయంలోకి పాకుతుంది. అందుకే మేం మనిషిని చూస్తాం: బరువు తగ్గాడా, ఆకలి ఉందా, నొప్పి మారిందా.

ఇది మాత్రం ఎవరూ మర్చిపోకండి. వెన్నెముకలో మచ్చలున్న మనిషికి కాళ్లు హఠాత్తుగా బలహీనమైనా, తిమ్మిరెక్కినా, మూత్రం ఆగిపోయినా అదే రోజు ఆసుపత్రికి తీసుకురండి. రేపు చూద్దాం అనుకోవద్దు. వెన్నుపాము నలిగితే గంటలు కూడా లెక్కే. నడిచి రావాల్సిన మనిషిని మంచం మీద తీసుకొచ్చిన కుటుంబాలను ఈ నెలలోనే చూశాను.

అబిరటెరోన్ ఇప్పుడు మన దేశంలోనే తయారవుతోంది, జెనరిక్ దొరుకుతుంది. దాంతో పాటు ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ ఇస్తారు కాబట్టి షుగర్ చూసుకోవాలి, అబిరటెరోన్ వల్ల మారే బీపీ, పొటాషియం కూడా చూసుకోవాలి. మామూలుగా 1000 మిల్లీగ్రాములు పరగడుపున. 250 మిల్లీగ్రాములు కొవ్వు తక్కువ ఉన్న టిఫిన్‌తో వేసుకున్నా పీఎస్‌ఏ మీద పనితీరు తగ్గలేదని 2018లో 72 మందితో చేసిన ట్రయల్ చూపించింది. ఖర్చు భరించలేని చోట దీని గురించి డాక్టర్‌ని అడగండి. సొంతంగా మాత్రం మార్చొద్దు, తిండితో వేసుకుంటే రక్తంలోకి ఎక్కే మందు ఎన్నో రెట్లు పెరుగుతుంది.

మాంసం విషయం: ఒక జాతర భోజనం వల్ల జబ్బు తిరగబెట్టదు. నా మాటగా పెద్దమ్మకు చెప్పండి.


పుత్తూరు_కోడలు | బుధవారం, మధ్యాహ్నం 2:20

మా మామగారికి కూడా ఇదే ఆపరేషన్ అయింది. నేను అడగాలనుకునేది మందుల గురించి కాదు.

ఆయన ఇల్లు కదలడం లేదు. టీకొట్టు దగ్గర ఎవరో ఏదో అన్నారట. రాత్రిళ్లు ఒళ్లంతా ఆవిర్లు వస్తాయి, పంచె తడిసిపోతుంది, లేచి కూర్చుంటారు. అత్తమ్మ పక్క గదిలో పడుకుంటోంది. కొడుకుతో చెప్పరు, డాక్టర్‌తో చెప్పరు. నాతో ఒకసారి "నన్ను మగవాడిగా లెక్కలోంచి తీసేశారమ్మా" అన్నారు. కోడలితో ఆ మాట అన్నారంటే ఎంత లోపల నలిగిపోయి ఉంటారో. మా ఊళ్లో ఎముకకు కట్టు కట్టే పెద్దాయనే మామగారి నడుం చూసి, "ఇది విరిగిన ఎముక కాదమ్మా, పెద్దాసుపత్రికి పోండి" అని పంపించాడు. ఆయన వల్లే జబ్బు బయటపడింది. ఆ తర్వాత వైద్యం అంతా బాగానే జరిగింది, ఈ ఒక్కదానికే ఎవరూ జవాబు చెప్పలేదు.

రెండో ప్రశ్న. నాకు ఒక కొడుకు, ఒక కూతురు. ఇది వంశంలో వస్తుందా?


ఆంకాలజీ_డ్యూటీ | బుధవారం, రాత్రి 8:30

అక్కా, మీ మొదటి ప్రశ్నకు నేను క్లినిక్‌లో జవాబు చెప్పి ఉండాల్సింది, నాలాంటి ప్రతి డాక్టరూ చెప్పి ఉండాల్సింది. ఆవిర్లు హార్మోన్ పోవడం వల్ల వస్తాయి, ఆడవాళ్లకు నెలసరి ఆగే వయసులో వచ్చినట్టే. వాటికి మందులున్నాయి, వచ్చేసారి తప్పకుండా అడగండి. నీరసం, కండ తగ్గడం, ఎముకలు పలచబడటం, మనసు కుంగడం కూడా ఈ చికిత్సలో భాగమే. మామగారి మనసు బలహీనం అనుకోకండి. రోజూ నడక, వీలైతే చిన్న బరువులు ఎత్తడం నిజంగా పనిచేస్తుంది. అత్తమ్మను కూడా తీసుకురండి, ఇద్దరితో కలిపి మాట్లాడితే ఇంట్లో గదుల సంగతి కూడా కొంత మారుతుంది.

రెండోది: ఎక్కువమందిలో నేరుగా వంశంలో రాదు. కానీ జబ్బు ఒంట్లో పాకినవాళ్లు 692 మందిని 2016లో పరీక్షిస్తే, దాదాపు 12 శాతం మందిలో డీఎన్‌ఏ మరమ్మతు చేసే జన్యువుల్లో పుట్టుకతో వచ్చిన లోపం కనబడింది. అందులో ముఖ్యమైనది బీఆర్‌సీఏ2. తండ్రి నుంచి అది కొడుక్కూ రావచ్చు, కూతురికీ రావచ్చు. కూతురికి వస్తే రొమ్ము, అండాశయ క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. అందుకే మామగారికి జన్యు పరీక్ష చేయించమని అడగండి. ఆయనకు లోపం లేకపోతే ఆయన వైపు నుంచి పిల్లలకు ఆ భయం అక్కర్లేదు. ఉంటే ఆయనకే ఒలాపరిబ్ లాంటి మందు పనికొస్తుంది, 2020 నుంచి ఈ జబ్బులో వాడుతున్నారు.


పుత్తూరు_కోడలు | బుధవారం, రాత్రి 8:52

మామగారికి చదివి వినిపించాను. ఏం మాట్లాడలేదు. కానీ రేపు పొద్దున్నే నడవడానికి చెప్పులు బయట పెట్టమన్నారు.


చిత్తూరు_గాంధీరోడ్డు | గురువారం, ఉదయం 9:15

నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నా. ఇన్ని మందులు విదేశాల్లో కనిపెడుతున్నారు. తిరుపతిలో కూర్చుని ఒకమ్మాయి ఐదేళ్లు గిన్నెల్లో కణాలు పెంచితే మా ఊరి రోగికి ఏం ఒరుగుతుంది?


శేషాచలం_నీడ | గురువారం, రాత్రి 10:30

ఈ ప్రశ్న నన్ను నేను చాలాసార్లు వేసుకున్నాను, ముఖ్యంగా రెండో ఏడాది. అప్పుడు కణాల్లో మైకోప్లాస్మా చేరింది. మైక్రోస్కోపులో కనబడనంత చిన్న బ్యాక్టీరియా అది. పీసీఆర్ చేస్తే గానీ తెలియలేదు. ఐదు నెలల ఫలితాలు పారేశాను. ఫ్రీజర్‌లోంచి పాత గొట్టం తీసి మొదటి నుంచి మొదలుపెట్టాను.

నా జవాబు ఇది. ఎల్‌ఎన్‌క్యాప్, పీసీ-3, డీయూ145, వీక్యాప్ ఈ రంగంలో అందరూ వాడే కణాలు. లింఫ్ గ్రంథి నుంచి ఒకటి, ఎముక నుంచి ఒకటి, మెదడు నుంచి ఒకటి, వెన్నుపూస నుంచి ఒకటి. నాలుగూ తెల్లజాతి మగవాళ్లవి. నా ఫ్రీజర్‌లో మైనస్ 80 డిగ్రీల దగ్గర ఉన్నవి ఇవే. మా పెద్దనాన్నలాంటి మనిషి గడ్డ అందులో లేదు. వాళ్ల కణాల్లో చూసిన దారులు ఐరాల మనిషి ఒంట్లోనూ అదే పాళ్లలో ఉంటాయని నేనెలా చెప్పగలను? ఇక్కడి రోగుల ముక్కల్లో చూసే చెప్పాలి. వాళ్ల అనుమతితో, ఎథిక్స్ కమిటీ ఒప్పుకుంటే. థీసిస్ చివరి అధ్యాయం అదే కావాలని నా కోరిక.

కమిటీకి ఇచ్చే సమ్మతి పత్రం తెలుగులో రాశాను. "మీ కణజాల నమూనాను పరిశోధన నిమిత్తం భద్రపరచుటకు" అని ఉంది. చదివి ముగ్గురు రోగులు నా మొహం చూశారు.


మాస్టారు_చిత్తూరు | శుక్రవారం, ఉదయం 6:00

"మీ గడ్డలోంచి ఇదివరకే తీసిన ముక్కను దాచి, ఈ జబ్బు గురించి నేర్చుకోవడానికి వాడుకుంటాం. మీరు వద్దంటే వాడం. వద్దన్నా మీ వైద్యం ఏమీ మారదు." ఇలా రాయి. మిగతా పేజీలు కూడా పంపు, దిద్ది ఇస్తాను.


శేషాచలం_నీడ | ఆదివారం, రాత్రి 11:05

ఐరాల వెళ్లొచ్చాను.

తోటలో మోటారు గది దగ్గర కూర్చున్నాం. చెరువు, బోరు, స్టార్టర్ అన్నీ అక్కడే చూపిస్తూ చెప్పాను. ఆటో స్టార్టర్ దగ్గరికి వచ్చేసరికి ఆయనే లేచి డబ్బా తలుపు తీశాడు. "అంటే దీనికి నాతో పనిలేదు, నేను తిన్నదానితోనూ పనిలేదు" అన్నాడు. అవునన్నాను. మాస్టారి మాట కూడా చెప్పాను, ఆపరేషన్‌కు ముందే కొన్ని ఉండి ఉండవచ్చని. అప్పుడు పెద్దమ్మ వైపు తిరిగి "విన్నావా?" అన్నాడు. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఏమీ అనలేదు. మధ్యాహ్నం కోడికూర వండింది.

తర్వాత ఆయన అడిగింది నేను ఊహించలేదు. ఫిన్లాండ్ వాళ్ల సంగతి చెప్పినప్పుడు, మందుకు ముందు ముక్క, తర్వాత ముక్క రెండూ దాచబట్టే తెలిసిందన్నాను కదా. "నాది మొదటి ముక్క ఎక్కడ ఉంది?" అన్నాడు. బయాప్సీ చేసిన చోట మైనపు దిమ్మలో ఉంటుందన్నాను. "ఇప్పుడు మళ్లీ తీయాల్సి వస్తే రెండూ నువ్వే పెట్టుకో" అన్నాడు. సొంతవాళ్ల ముక్క మీద నేను పనిచేయవచ్చో లేదో కమిటీ చెప్పాలి, నేను కాకపోతే మా ల్యాబ్‌లో వేరేవాళ్లు చేస్తారని చెప్పాను. మాస్టారు దిద్దిన పత్రం ఇస్తే రెండుసార్లు చదివాడు. సంతకం మాత్రం డాక్టర్‌తో మాట్లాడాకే పెట్టమన్నాను.

బుధవారం తిరుపతిలో చూపిస్తున్నాం. టెస్టోస్టిరాన్ పరీక్షకు రక్తం ఇచ్చేశాం.


ఆంకాలజీ_డ్యూటీ | ఆదివారం, రాత్రి 11:30

బయాప్సీ చేసిన ల్యాబ్‌లో గాజు స్లైడ్ ఇచ్చి పంపేస్తారు. మైనపు బ్లాక్ కూడా అడిగి తీసుకోండి. గడ్డ మీద చేసే జన్యు పరీక్షకైనా అదే కావాలి. పాత స్కాన్ సీడీలు, ఆపరేషన్ చీటీ, మూడు పీఎస్‌ఏ రిపోర్టులు తేదీల వరసలో పెట్టుకోండి.


కాట్పాడి_ప్యాసింజర్ | సోమవారం, ఉదయం 5:40

చెల్లీ, బుధవారం నేనూ తిరుపతిలో ఉంటాను. నాన్న ఫైలు అటక మీద నుంచి దించాను. రెండు బయాప్సీల బ్లాకులూ ఉన్నాయి, మందుకు ముందుది ఒకటి, తర్వాతది ఒకటి. అప్పట్లో ఎందుకిచ్చారో తెలియక పారేయకుండా ఉంచాం. అమ్మ ఒప్పుకుంది. పనికొస్తాయో లేదో మీ కమిటీని అడుగు. ఓపీ గేటు దగ్గర ఎనిమిదింటికి వచ్చి నిలబడతాను.